పెత్రోనా చెప్పని వాక్యం

(పదకొండో భాగం)

ఆ శనివారం మధ్యాహ్నం మికాయెల వాళ్ళింట్లో ఎవరెవరున్నారంటే: పొయ్యి దగ్గర అమ్మ కతరీనా, ఆమె వీపున రంగుల గుడ్డలో మూటలా ఒదిగిన తొమ్మిది నెలల లుసీయా, వెనక గదిలో రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న నాన్న పస్కువాల్, బల్లకు అటువైపు పెత్రోనా, ఇటువైపు లాయరు మిస్ లొరెట్టా, ఎవరూ కూర్చోమనకపోయినా తలుపు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న పొరుగామె ఎవులాలియా. బల్ల మీద పెట్టిన ఫోన్లో డాన్ బల్తసార్ గొంతు. ఆయన ఫ్లోరిడాలో ఉండే దుబాసీ; డాన్ అంటే గారు అన్నట్టు. వీళ్ళతోపాటు మికాయెలను కూడా లెక్కవేసుకోవాలి. కానీ ఆ రోజుకి తనను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోతే బాగుండునని ఆ పదిహేనేళ్ళ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

పోయినవారం మనం పెత్రోనాను కోళ్ళ ఫ్యాక్టరీలో, తెరిచిన లాకరు ముందు వదిలేసి వచ్చాం. లాకరులో మడిచిన పేపరు ముక్క ఒకటి ఉంది. దానికి ఎవరో ఎర్రదారం చుట్టి ముడి వేశారు. పెత్రోనాకు చదువు రాదు. కానీ ఆ దారం ఏమంటోందో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

దేశంలో ఉండడానికి కాగితాలు లేని మనిషితో ఏ ప్రభుత్వ ఆఫీసూ ఏ పనీ పెట్టుకోకూడదని అలబామాలో కొత్త చట్టం వచ్చింది. మికాయెల వాళ్ళుండే పార్కులో చక్రాల మీద నిలిపిన ట్రైలర్ ఇళ్ళు నలభై రెండున్నాయి. ఏటా నవంబరు ముప్పైలోగా ఒక్కో ఇంటికీ కౌంటీ ఆఫీసులో స్టిక్కరు తెచ్చుకుని కిటికీకి అంటించాలి. ఈ ఏడు కాగితాలు చూపిస్తేనే స్టిక్కరు. స్టిక్కరు లేని ఇంట్లో ఉంటే నేరం. పోనీ ఆ ఇంటిని బండికి తగిలించుకుని వేరే చోటికి పోదామంటే అదీ నేరమే. అందరూ భయపడి ఇళ్ళలో కూర్చుంటే పెత్రోనా ఒక్కతే కౌంటీ ఆఫీసు కిటికీ దాకా వెళ్ళింది. లేదనిపించుకుని వచ్చింది. అందుకే ఆ చట్టం మీద ఫెడరల్ కోర్టులో వేసిన కేసులో ఆమె ‘పేరు చెప్పని మూడో వాది’ అయింది. పేరు దాచారు, ఊరు దాచారు, పనిచేసే చోటు దాచారు. కానీ ఆమె ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలోంచి ఒక్క వాక్యాన్ని పేపరువాళ్ళు ఏరి అచ్చువేశారు. ఆమె మొక్కజొన్న పిండిని కండె పొరల్లో చుట్టి ఉడికించే తమాలీలు వండి అమ్ముతుందట, కారం వేసిన వాటికి ఎర్రదారం కడుతుందట.

ఆ ఊళ్ళో తమాలీలు వండేవాళ్ళు ఇరవైమంది ఉంటారు. ఎర్రదారం కట్టేది పెత్రోనా ఒక్కతే.

ఇంతవరకూ పార్కులో అందరికీ తెలుసు. ఆ వాక్యం పెత్రోనా నోటి నుంచి రాలేదని మాత్రం ఒక్క మికాయెలకే తెలుసు.

“నేను కాదు,” అంది ఎవులాలియా. పెత్రోనా సంగతి బయటపెట్టింది ఆమేనని పార్కంతా అనుమానం; వచ్చినప్పటి నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి. “నా నోట్లో నువ్వుగింజ నానదు. ఒప్పుకుంటా. పాస్టరు పెళ్ళాం జుట్టుకి రంగేసుకుంటుందని చెప్పింది నేనే. నీ మొగుడు పస్కువాల్ తాగి కాలవలో పడ్డాడని చెప్పింది నేనే.”

“కాలు జారి పడ్డాడు,” అంది కతరీనా, గరిటె తిప్పుతూనే.

“తాగితే కాలు జారుతుంది మరి. అది వదిలెయ్. ఈ మాట మాత్రం నేను ఎవరికీ మొయ్యలేదు. పోయిన ఆదివారం చర్చిలో నాకు ఇటు రెండు కుర్చీలు ఖాళీ, అటు రెండు కుర్చీలు ఖాళీ. క్షయరోగం వచ్చినవాళ్ళని కూడా అంత దూరం పెట్టరు.”

“మెల్లగా మాట్లాడు, ఎవులాలియా. ఆయనకి ఇప్పుడే కునుకు పట్టింది.”

“నాకు ఆదివారం నుంచి కునుకు లేదు!”

పెత్రోనా చేతులు బల్ల మీద బోర్లా పెట్టి ఉన్నాయి. పదేళ్ళుగా చల్లటి గదిలో కోళ్ళ రెక్కలు కోసీ కోసీ వేళ్ళ కణుపులు గుండ్రాళ్ళలా ఉబ్బిపోయాయి. మికాయెలకు ఆమె చుట్టం కాదు. అయినా ఊహ తెలిసిన దగ్గర నుంచీ ‘తీయా’ అనే పిలుస్తోంది, అత్తా అన్నట్టు. ఆ వేళ్ళే తనకు జడలు అల్లాయి. ఇవాళ వాటివైపు చూడాలంటే మికాయెలకు కళ్ళు లేవడం లేదు.

మిస్ లొరెట్టా అద్దాలు సవరించుకుంది. నల్లటి, నిండైన మనిషి. అరవైకి దగ్గర పడింది. అద్దాలకు గొలుసు కట్టి మెడలో వేసుకుంటుంది. “తల్లీ, నువ్వివాళ కూర్చో,” అంది మికాయెలతో. “ఆగస్టులో నిన్ను ఆరు గంటలు నిలబెట్టి మాట్లాడించాను. పాపం తగులుతుంది నాకు. ఇవాళ పెద్దవాళ్ళ పని పెద్దవాళ్ళు చేస్తారు.”

పాపం ఎవరికి తగలాలో మికాయెలకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఆగస్టులో జరిగింది ఇది. మిస్ లొరెట్టా వెంట స్పానిష్ దుబాసీని తెచ్చుకుంది. తీరా చూస్తే పెత్రోనాకు స్పానిష్ వంటింటి మాటలు దాటి రాదు. వాళ్ళ దేశపు కొండల్లో మాట్లాడే కన్హోబాల్ ఒక్కటే ఆమె భాష. ఆ పార్కులో కన్హోబాల్, ఇంగ్లీషు రెండూ చక్కగా వచ్చినవాళ్ళలో ఆ పూట ఇంట్లో ఉన్నది మికాయెల ఒక్కతే. ఆస్పత్రికి వెళ్తే మికాయెల, కరెంటు ఆఫీసుకు వెళ్తే మికాయెల. ఆ పిల్ల బడిలో నోరు విప్పదు, ఇంగ్లీషు టీచరు అడిగినా తల ఊపి ఊరుకుంటుంది. పెద్దవాళ్ళ మాటలు మాత్రం పన్నెండేళ్ళ నుంచీ తన నోటితో మోస్తోంది... కాదు, అంత లేదులెండి, ఎనిమిదో ఏట నుంచి. కోర్టు పని కూడా అలాగే నెత్తిన పడింది.

“అవతలి పక్షం, అంటే రాష్ట్ర ప్రభుత్వం లాయర్లు ఒక మెలిక పెట్టారు,” అంది మిస్ లొరెట్టా. ఫోన్లో బల్తసార్ ఆ మాటను కన్హోబాల్‌లో చెప్పాడు. “చిన్నపిల్ల దుబాసీ పని చేస్తే ఆ వాంగ్మూలం చెల్లదంటున్నారు. బుధవారం జడ్జి వింటాడు. అందుకని ఇవాళ ఇది మొత్తం మళ్ళీ ఆమెకి చదివి వినిపిస్తాం. ఒక్కో అంశానికీ, ఇది నేనే చెప్పాను అనాలి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, మూడో వాది నిలబడుతోంది అని నేను కోర్టుకి చెప్పాలి. లేదా తప్పుకుంటోంది అని.”

“తప్పుకుంటే?” కతరీనా అడిగింది.

“మిగతా కేసు నడుస్తుంది. స్టిక్కరు సంగతి మాత్రం పోతుంది. దెబ్బ తగిలినవాళ్ళే వచ్చి నాకు తగిలిందనాలి, అది కోర్టు పద్ధతి. కిటికీ దాకా వెళ్ళి లేదనిపించుకుంది ఈమె ఒక్కతే కదమ్మా.”

కతరీనా కిటికీ వైపు చూసింది. అద్దం మీద పోయినేటి స్టిక్కరు నారింజ రంగు వెలిసిపోయి ఉంది. నవంబరు ముప్పైకి ఇంకా పదకొండు రోజులు.

“లాకరులో కాగితం పెట్టినా కూడా వచ్చానా లేదా?” అంది పెత్రోనా మొదటిసారి నోరు తెరిచి. “చదవమను.”

బల్తసార్ గొంతు మెత్తన. పాతకాలం పెద్దమనిషిలా ముందు క్షేమం అడిగి, ఏ కొండ వాళ్ళని అడిగి, వాళ్ళ పెదనాన్న తనకి తెలుసని చెప్పి, అప్పుడు మొదలుపెట్టాడు. ఒకటో అంశం: నేను ఈ కౌంటీలో పదకొండేళ్ళ నుంచి ఉంటున్నాను.

“చెప్పాను.”

రెండోది: నేనుంటున్న ట్రైలర్ ఇల్లు నా సొంతం.

“చెప్పాను.”

మికాయెల కాఫీ వంచుతోంది. అయిదు, ఆరు. కౌంటీ ఆఫీసులో గుమస్తా ఏమన్నదీ, వెనక లైనులో ఉన్నవాళ్ళు ఎలా చూసిందీ. ఏడు. చెప్పాను. ఎనిమిది. చెప్పాను. ఆ కాగితంలో ఏ అంశం ఎక్కడుందో మికాయెలకు కంఠతా వచ్చు. పదో అంశం దగ్గర లుసీయా లేచి ఏడ్చింది. ఇంకాస్త ఏడువమ్మా, ఇంకాస్త, అని మికాయెల మనసులో చెల్లెలిని బతిమాలుకుంది. కతరీనా వీపు ఊపగానే పిల్ల నోరు మూసింది.

“పదకొండు,” అన్నాడు బల్తసార్. “నేను వారం చివర తమాలీలు వండి అమ్ముతాను. కారం వేసిన వాటికి ఎర్రదారం కడతాను, పిల్లలు తెలియక కొరకకుండా.”

పెత్రోనా బల్ల మీంచి చేతులు తీసేసింది.

“వినపడిందా అమ్మా? మళ్ళీ చదవనా?”

“వినపడింది. తమాలీలు అమ్ముతానని చెప్పాను. ఆ రెండోది చెప్పలేదు.”

బల్తసార్ ఇంగ్లీషులో చెప్పాడు. మిస్ లొరెట్టా అద్దాలు తీసి గొలుసుకు వదిలేసింది. “మూడు నెలలైంది. మర్చిపోయి ఉంటారేమో, నెమ్మదిగా గుర్తు తెచ్చుకోమనండి.”

“నాకు చదువు రాదు గాని మతిమరుపు లేదు,” అంది పెత్రోనా. “దారం సంగతి నేనెందుకు చెప్తాను? దాన్ని చూసి తెలుసుకుంటారు. నోటితో చెప్పేదైతే దారం కట్టడం దేనికి?”

“చూశారా!” ఎవులాలియా కుర్చీలోంచి లేచింది. “ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు!”

“అయితే కాగితంలోకి గాలికి ఎగిరొచ్చిందా?” కతరీనా పొయ్యి ఆపేసి ఇటు తిరిగింది. “ఎవులాలియా, ఆగస్టులో ఆ రోజు నువ్వు కూడా ఇక్కడికొచ్చావు. పంచదార కావాలని వచ్చి, అరగంట కూర్చున్నావు. ఈ లాయరమ్మ ముందు ఆ వచ్చీ రాని ఇంగ్లీషులో ఏదో వాగుతూనే ఉన్నావు.”

“హలో, చికెన్, వెరీ గుడ్. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే కదే!”

“వేళ్ళతో చూపించి ఉంటావు. దారం కట్టడం చూపించడానికి ఇంగ్లీషు ఎందుకు?”

ఎవులాలియా ఏదో అనబోయింది. ఊళ్ళో అందరి సంగతులూ నవ్వుతూ మోసుకు తిరిగే మనిషి, వెనక్కి కుర్చీలో కూలబడి, గౌను చివరతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మికాయెల చేతిలో కాఫీ పాత్ర ఉంది. దాన్ని దింపాలి. ఎక్కడ దింపాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఊరుకుంటే అయిపోతుంది. అమ్మే దారి చూపించింది. ఎవులాలియా మీదికి పోతుంది, పెత్రోనా కోపగించుకుంటుంది, లాయరమ్మ ఆ వాక్యం కొట్టేస్తుంది. చర్చిలో ఖాళీ కుర్చీలు మరో ఆర్నెల్లు ఖాళీగానే ఉంటాయి.

“నేను,” అంది.

ఎవరూ వినలేదు. రెండోసారి కన్హోబాల్‌లో అంది, గట్టిగా. ఫోన్లో బల్తసార్ దాన్ని కూడా వెంటనే ఇంగ్లీషులోకి మార్చేశాడు, తన పని కాబట్టి.

“ఏంటి నువ్వు?” అంది కతరీనా.

“ఆ వాక్యం నేనే కలిపానమ్మా.”

మికాయెల పాత్రను నేల మీదే పెట్టేసింది. తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. ఆ రోజు మిస్ లొరెట్టా, చిన్న చిన్న సంగతులు చెప్పమను, జడ్జికి కాగితం కాదు మనిషి కనపడాలి, అంది. ఈమె వంట అందరి వంటకంటే ఎందులో వేరు అని అడిగింది. పెత్రోనా భుజాలు ఎగరేసి, రుచి, అని ఊరుకుంది. రుచి అని చెప్తే జడ్జికి ఎవరు కనపడతారు? మికాయెల డైరీలో అప్పటికే ఎర్రదారం గురించి ఒక పేజీ ఉంది. ఆ పేజీ అంటే తనకు ఇష్టం. అందులోని మాటే ఇంగ్లీషులో పైకి వచ్చేసింది. మిస్ లొరెట్టా, బాగుంది, చాలా బాగుంది, అని రాసుకుంది. తాను రాసినదాన్ని ఒకరు బాగుందనడం మికాయెలకు అదే మొదలు.

“మరి వేలిముద్రకి ముందు నాకు మొత్తం చదివి వినిపించావు కదా,” అంది పెత్రోనా. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. “అప్పుడు వినలేదే నేను.”

“అది దాటేశాను, తీయా.”

“ఎందుకు?”

“సిగ్గేసింది. నీ మాటల మధ్యలో నా మాట పెట్టానని నీకు తెలుస్తుందని.”

ఎవులాలియా గౌను కిందికి దించి ముక్కు తుడుచుకుంది. మికాయెలను తిడుతుందనుకున్నారు. “కాఫీ నేల మీద పెట్టకే, ఎవరైనా తన్నేస్తారు,” అని మాత్రం అని, పాత్ర తీసి బల్ల మీద పెట్టింది. ఆ మాటకి మికాయెల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటే తట్టుకునేది.

వెనక గది తలుపు తెరుచుకుంది. పస్కువాల్ బనీనుతో, కళ్ళు నులుముకుంటూ నిలబడ్డాడు. అంతా విన్నట్టే ఉన్నాడు. “ఆ మాట అబద్ధమా? దారం కట్టదా ఆమె?”

“కడుతుంది నాన్నా.”

“మరి నిజం చెప్పినదానికి ఇంత రాద్ధాంతమా?”

“నిజమే, పస్కువాల్,” అంది పెత్రోనా. “నాది. నీ జేబులో డబ్బు కూడా నిజమే. నేను తీసి దానం చేస్తే ఊరుకుంటావా?”

పస్కువాల్ వచ్చి కతరీనా పక్కన నిలబడ్డాడు.

మిస్ లొరెట్టా కాగితాలు పక్కకు జరిపింది. తర్వాత మికాయెలను దగ్గరికి పిలిచింది. “ఇందులో నా తప్పు సగం ఉంది, తల్లీ. చిన్నపిల్లని దుబాసీ పనికి పెట్టింది నేను. కానీ ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ప్రమాణం చేసిన కాగితంలో ఆమె చెప్పని మాట ఒకటుందని తెలిస్తే, అవతలివాళ్ళు మిగతా పదహారు అంశాలూ చెత్తబుట్టలో వెయ్యమంటారు. మనం దాస్తే ఇంకా పాడవుతుంది. మనమే ముందు చెప్పాలి. నువ్వొచ్చి జడ్జి ముందు ఇక్కడ చెప్పిందే చెప్పాలి. ఆమె వచ్చి, మిగతాదంతా నా మాటే, అనాలి. ఒకరొస్తే చాలదు. ఇద్దరూ రావాలి.”

కోర్టు అంటే కాగితాలు అడిగే చోటు. మూడేళ్ళప్పుడు అమ్మ వీపున వచ్చిన మికాయెలకు ఆ కాగితాలు లేవు. కతరీనా చెయ్యి తనకు తెలియకుండానే వీపున ఉన్న లుసీయా మీదికి పోయింది. ఇంట్లో కాగితాలున్నది ఇక్కడే పుట్టిన ఆ తొమ్మిది నెలల పిల్లకే.

“నేనొస్తాను,” అంది మికాయెల.

పస్కువాల్ వద్దనలేదు.

“సరే,” అంది మిస్ లొరెట్టా. “పెత్రోనా గారిని అడగండి, డాన్ బల్తసార్. ఆమె నిలబడుతుందా?”

బల్తసార్ అడిగాడు. పెత్రోనా లేచింది. కాఫీ ముట్టుకోలేదు. శాలువా భుజాన వేసుకుని, వేలెత్తి చూపించింది. మికాయెలను కాదు. మిస్ లొరెట్టాను.

“ఈమెతో నేనిక మాట్లాడను,” అంది.

“ఎందుకో అడగండి.”

పెత్రోనా అప్పటికే మెట్లు దిగుతోంది.

“ఏమంది?” అని ఫోను వైపు వంగింది మిస్ లొరెట్టా.

“ఏమీ అనలేదమ్మా,” అన్నాడు బల్తసార్ ఫ్లోరిడా నుంచి. “తలుపు చప్పుడైంది, అంతే.”

మికాయెలకు అర్థం కాలేదు. తప్పు చేసింది తను. వేలు అటు చూపించిందేం? కతరీనా పొయ్యి పక్కనున్న పెద్ద గిన్నె తీసి చేతిలో పెట్టింది. అది పెత్రోనా గిన్నె, పోయినవారం బీన్సు పోసి పంపింది. “ఇచ్చిరా,” అంది. కూతురి మొహంలోకి చూడకుండా, “కాళ్ళు పట్టుకో, తప్పులేదు,” అని కూడా అంది.

పెత్రోనా ఇల్లు మూడో వరసలో చివరిది. దాని వెనక కంచె, కంచె అవతల రోడ్డు. కోళ్ళ లారీలు పోయినప్పుడల్లా రాలిన తెల్లటి ఈకలు కంచె తీగలకు చిక్కుకుని ఉంటాయి. చిన్నప్పుడు మికాయెల వాటిని ఏరుకునేది. ఇవాళ తల వంచుకుని నడుస్తుంటే ఆ ఈకలు కూడా తననే చూస్తున్నట్టున్నాయి. దారిలో ఒక్కో కిటికీకీ వెలిసిన నారింజ స్టిక్కరు. లెక్కపెట్టకూడదనుకుంది. పదిహేడు దాకా లెక్కపెట్టింది.

తలుపు తీసే ఉంది. లోపల బల్ల మీద, ఆదివారం కోసం సన్నసెగన పెట్టి వెళ్ళి ఇప్పుడే దించిన తమాలీలు ఆవిరి కక్కుతున్నాయి. కండె పొరల్లో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. పెత్రోనా చిన్న కత్తెరతో ఒక్కోదాని ఎర్రదారం కత్తిరించి లాగేస్తోంది. తీసిన దారాలు బల్ల అంచున చిన్న కుప్పగా పడి ఉన్నాయి.

“గిన్నె తెచ్చాను, తీయా.”

పెత్రోనా గుమ్మంలోకి వచ్చింది, లోపలికి రమ్మనలేదు. గిన్నె అందుకుని, లోపలికి వెళ్ళి, ఆరు తమాలీలు పెట్టి మళ్ళీ తెచ్చింది. ఎవరి గిన్నెనూ ఖాళీగా పంపడం ఆమెకు చేతకాదు. ఒక్కదానికీ దారం లేదు.

“నీకు ఏడేళ్ళప్పుడు,” అంది, “చర్చి వెనకాల కారంది ఒకటి కొరికావు. మూతి వాచిపోయింది. పాలు తాగించినా ఏడుపు ఆపలేదు. గుర్తుందా?”

“గుర్తుంది.”

“దారం కట్టడం ఆ మరుసటి వారం నుంచే. నీకోసమే మొదలుపెట్టాను.”

మికాయెలకు అది తెలియదు. డైరీలో పేజీ నిండా రాసుకుంది. పిల్లల కోసం అని రాసింది గాని, ఏ పిల్ల కోసమో తెలియకుండానే రాసింది.

“క్షమించు, తీయా.”

“నీ మీద కోపం ఉంది. లేదనను. ఇవాళా రేపట్లో పోదు. కానీ పోతుంది,” అంది పెత్రోనా. “నువ్వు చిన్నదానివి. ఇష్టం కొద్దీ చెప్పావు. ఆమె అలా కాదు. ఆమె పెద్దది, చదువుకుంది. ఆమె నా మొహం మీద అబద్ధం చెప్పింది.”

“ఎవరు? మిస్ లొరెట్టానా?”

“వేలిముద్రకి ముందు నిన్ను అడగమన్నాను కదా. నా పేరు బయటపడే దారి ఏదైనా ఉందా, ఉంటే నేను వెయ్యను, అని. నువ్వు ఆమెని అడిగావు. ఆమె నవ్వుతూ ఏదో అంది. లేదట, ఏ దారీ లేదట అని నువ్వు చెప్పావు. ఆమె నవ్వు చూసి నమ్మాను. ఇప్పుడు చూడు. అబద్ధమాడే మనిషి వెనక నేను కోర్టుకి ఎలా వెళ్ళను?”

మికాయెల గిన్నెను రెండు చేతులా అందుకుంది.

ఆగస్టులో ఆ సాయంత్రానికి, ఆరు గంటలపాటు మాట్లాడీ మాట్లాడీ మికాయెల గొంతు పూడుకుపోయింది. మిస్ లొరెట్టా ఫైళ్ళు సర్దుకుంటోంది, వేలిముద్ర ఒక్కటే మిగిలింది. పెత్రోనా అడగమన్నది మికాయెల విన్నది. లాయరమ్మ వైపు తిరిగింది కూడా. కానీ తిరిగి అడిగింది వేరే ప్రశ్న. “ఇక అయిపోయిందా మేడమ్?” అని అడిగింది. “అయిపోయింది తల్లీ, నువ్వు బంగారం,” అని నవ్వింది మిస్ లొరెట్టా. మికాయెల ఇటు తిరిగి, పెత్రోనాతో, “లేదట, తీయా. ఏ దారీ లేదట,” అంది. పేర్లు ఎక్కడా రాయరని ముందే చెప్పారు కదా, మళ్ళీ అడగడం దేనికి అనుకుంది. ఇంటికెళ్ళి అన్నం తినాలనుకుంది. పెత్రోనా ప్రశ్న మిస్ లొరెట్టా చెవిన ఎన్నడూ పడలేదు.

ఎర్రదారం వాక్యం తను కలిపిన సంగతి ఎంత సిగ్గుపడ్డా డైరీలో రాసుకుంది. ఇది డైరీలో కూడా రాసుకోలేదు. ఇందాక అందరి ముందూ అంతా ఒప్పుకున్నాననే అనుకుంది. ఈ ఒక్కటీ అడుగున ఉండిపోయిందని ఇప్పుడు తెలిసింది.

వెనక, మొదటి వరసలో, మిస్ లొరెట్టా కారు స్టార్టయిన చప్పుడు వినపడింది. ఆమె ఊరు రెండు గంటల దూరం. సోమవారం తొమ్మిదింటికి ఆమె కోర్టుకి ఒక మాట చెప్పాలి.

“వెళ్ళు,” అంది పెత్రోనా. “చల్లారిపోతాయి. ఏది కారమో చూసుకుని కొరకమను అమ్మని. ఇక ఎవరిది వాళ్ళు చూసుకోవాల్సిందే.”

“తీయా, ఆగు. ఆ రోజు ఆమె అబద్ధం చెప్పలేదు. నువ్వు అడగమన్నది నేను—”

“ఆమె తరఫున మాట్లాడకు,” అంది పెత్రోనా. “ఇవాళ ఇంకెవరి తరఫునా మాట్లాడకు నువ్వు.”

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. మికాయెల రెండు చేతుల్లోనూ గిన్నె ఉంది. తలుపు కొట్టడానికి ఒక చెయ్యి కూడా ఖాళీగా లేదు.